సర్దిచెప్పే చెయ్యి

కోపంగా ఒక వ్యాసం రాసి తెమ్మంటే, "మీకు కలిగిన ఇబ్బందికి ఎంతో విచారిస్తున్నాం" అని మొదలుపెట్టే మనిషిని ఎవరైనా చూశారా? ఆమె అలాగే మొదలుపెట్టింది. తప్పు ఆమెది కాదు, చేతిది. ఏళ్ల తరబడి రోజూ పొద్దున పూట ఆ చెయ్యి అదే రాస్తోంది.

ఆమె పనిచేసేది బట్టలుతికే మిషన్లు తయారుచేసే ఒక కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో. ఒంటిపూట ఉద్యోగం, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేయవచ్చు. విభాగం అంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద కిటికీ లేని గది, రెండు బల్లలు, ఎప్పుడూ వేడిగా ఉండే ప్రింటరు. ఒక బల్ల ఆమెది, రెండోది హెడ్డుగారిది. మిషను తిరగడం లేదనీ, తిరిగితే ఆగడం లేదనీ, నీళ్లు వంటింట్లోంచి పక్కవాళ్ల హాల్లోకి వెళ్లాయనీ జనం రాస్తుంటారు. బాగుచేసేవాళ్లు వేరే ఉన్నారు, కాకపోతే చాలినంతమంది లేరు. వాళ్లు వెళ్లేదాకా మనిషిని చల్లార్చి ఉంచడం ఈ గది పని.

చేరిన రోజే హెడ్డుగారు ఆమెకు మంత్రోపదేశం చేశారు. "చూడమ్మా, ఉన్నవి మూడే మెట్లు. ఒప్పుకో, బాధపడు, సాగనంపు. ఒప్పుకునే దగ్గర పిసినారితనం వద్దు. బాధపడే దగ్గర అసలే వద్దు. కంపెనీ సొమ్మేం పోదు."

మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, అలవాటైన సంగతి కూడా గుర్తులేనంతగా అలవాటైంది. బస్సులో ఎవరైనా ఆమె కాలు తొక్కితే తనే "అయ్యో, చూసుకోలేదండీ" అనేది. చదువుకున్నది సాహిత్యం. ఎప్పటికైనా తన పేరుతో అచ్చులో నాలుగు ముక్కలు చూసుకోవాలన్నది ఎవరికీ చెప్పని కోరిక. రాసిన జవాబులన్నీ దొంతరగా పేరిస్తే గది కప్పును తాకుతాయి, కానీ ఒక్కదాని కిందా ఆమె పేరు లేదు. "ఇట్లు, ఫిర్యాదుల విభాగం" అనే ఉంటుంది.

ఉండేది అక్కాబావల దగ్గర. ఇంట్లో ఆమెను పిల్లి అంటారు, నడిస్తే చప్పుడు వినపడదని. ఆ పేరు పెట్టింది బావ. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. రోజంతా పక్క సీట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుని రావడం వల్ల, ఇంటికొచ్చాక నోరు ఊరుకోదు. అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఇంట్లో బల్లంటూ ఉన్నది కుట్టుమిషను బల్లే. ఆమె రాసుకోవాలన్నా అక్క లేచాకే.

ఆమెకు ఆ అవకాశం వచ్చింది కూడా ఆ చెయ్యి పుణ్యమే. ఒకరోజు ఆఫీసుకు ఫోనొచ్చింది. ఒక పెద్దావిడ గొంతు.

"మీ మిషను ఇంకా నీళ్లు కక్కుతూనే ఉంది. దాని సంగతి తర్వాత చూద్దాం. ఈ జవాబు రాసిందెవరు?"

చీవాట్లనుకుంది ఆమె. "నేనేనండీ. మన్నించాలి."

"మన్నించడమేంటి! చదువుతుంటే నా కోపం ఎటు పోయిందో తెలీలేదు. మూడోసారి చదివాక గానీ అర్థం కాలేదు, మీరు ఒక్క పనీ చేస్తామనలేదని. ఇంత బాగా రాసేదానివి, బయటెక్కడైనా రాస్తావా అమ్మాయ్?"

ఆవిడ ఊళ్లో వారపత్రిక సంపాదకురాలు. అందులో 'వీధి గోడు' అని ఒక శీర్షిక ఉంది. వీధిలో జనం పడే పాట్ల మీద వారానికో వ్యాసం. ఇన్నాళ్లూ రాసినాయన మానేశారు. మూడు వ్యాసాలు రాసి చూపించమంది ఆవిడ. నచ్చితే ఆ శీర్షిక ఇక ఆమెదే, సాయంత్రాలు ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చు.

"పేరుతోనా అండీ?" అని అడిగింది ఆమె, గొంతు వినపడీ వినపడకుండా.

"పేరు లేకపోతే ఎవరి గోడమ్మా అది?"

ఆ మాట రెండు రోజులు చెవుల్లో మోగుతూనే ఉంది.

మొదటి వ్యాసానికి వెతుక్కునే పని లేకపోయింది. వాళ్ల భవంతిలో లిఫ్టు చెడి నెలలైంది. పై అంతస్తులో ఒక తాతగారు మోకాళ్ల నొప్పులతో కిందికి దిగడమే మానేశారు. పొద్దున్నే బాల్కనీలోంచి తాడుకు కట్టిన సంచి కిందికి వదులుతారు. దుకాణం మనిషి అందులో సరుకులు వేసి తాడు లాగితే, ఆయన ఆగి ఆగి పైకి చేదుకుంటారు. మధ్య అంతస్తు పిల్లలు ఆ సంచిని పట్టుకుని ఊపుతారు. రాయడానికి ఇంతకంటే ఏం కావాలి? అక్క లేవగానే బల్ల దగ్గర కూర్చుంది. సంచి గురించి, తాడు ఒరుసుకుని ఎర్రబడిన తాతగారి చేతుల గురించి ఏకబిగిన రాసింది. ఆ తర్వాత కలం కాస్త ఆగింది. ఆగి, దానంతటది కదిలింది: "అయితే, విడిభాగాల కొరతవల్ల లిఫ్టు సంస్థవారు ఎదుర్కొంటున్న ఇబ్బందులను కూడా మనం సహృదయంతో అర్థం చేసుకోవాలి."

ఆమెకు అందులో ఏ తేడా కనపడలేదు. పంపించింది.

సంపాదకురాలు మర్నాడే ఫోన్ చేసింది. "ఆ లిఫ్టు వాళ్లు నీకేమవుతారమ్మా? మేనమామలా?"

"కాదండీ..."

"మరి ఆ ముసలాయన్ని సగం దాకా చేదుకొచ్చి తాడు వదిలేశావే!"

ఇంట్లో ఈ సంగతి చెప్పకూడదనుకుంది గానీ, మొహం చూసి అక్క చెప్పించింది. బావకు ఆ పూట నవ్వుకోవడానికి వేరే ఏమీ అక్కర్లేకపోయింది.

"పిల్లి గోడ మీద కాక ఎక్కడ కూర్చుంటుందే? దాన్ని అని ఏం లాభం!"

"మీరూరుకోండి," అంది అక్క నోట్లో సూది పెట్టుకునే. "రెండోది బాగా రాస్తుందిలే."

రెండోదానికి సంపాదకురాలే విషయం ఇచ్చింది. ఊళ్లో గ్రంథాలయం ఉంది. అందులో చదువుకునే గదిలోంచి కుర్చీలన్నీ తీసేశారట. వెళ్లి చూసి రాయమంది. ఆమెకు ఆ గది కొత్త కాదు. పరీక్షలకు అక్కడే చదువుకుంది, ఇష్టమైన పుస్తకాలన్నీ అక్కడే తొలిసారి చేతిలోకి తీసుకుంది. వెళ్లి చూస్తే పొడుగు బల్లలు మాత్రం ఉన్నాయి. వాటి ముందు జనం పశువుల కొట్టంలో గడ్డికి నిలబడ్డట్టు వరసగా నిలబడి పేపర్లు చదువుతున్నారు. ఒక పెద్దాయన ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చి మార్చి, చివరికి చదువుతున్న పేజీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. అది చూసి ఆమెకు గుండె మండింది. నిజంగానే మండింది.

ఆ మంటతోనే గ్రంథాలయం అధికారి గదికి వెళ్లింది.

"కుర్చీలెందుకు తీసేశారండీ?"

"కూర్చుంటున్నారమ్మా," అన్నాడాయన నీరసంగా.

"కుర్చీలు అందుకే కదండీ?"

"కూర్చుని చదివితే నాకేం బాధ? నిద్రపోతున్నారు. గురక మీద ఒకళ్లు రాశారు పైవాళ్లకి. పైవాళ్లు కుర్చీలు తీసేయమన్నారు. తీసేస్తే వీళ్లు తిడుతున్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో నేనున్నానమ్మా, నాకు బీపీ కూడా ఉంది."

"అయ్యో," అంది ఆమె. "మీ పరిస్థితి నాకు పూర్తిగా అర్థమైందండీ."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉన్న ఒక్క కుర్చీ ఆమెకు ఇచ్చి, ఇంటి సంగతులు కూడా చెప్పుకున్నాడు. బయటికి వచ్చేసరికి ఆమె గుండెలో మంట లేదు, ఆయన మీద జాలి ఉంది. అదే రాసింది. రాస్తూనే ఉంది గానీ, ఈసారి ఎక్కడో తేడా కొడుతోందని తెలుస్తూనే ఉంది. ఒక వాక్యం కొట్టేస్తే దాని స్థానంలో దాని చెల్లెలు వచ్చి కూర్చునేది. "నిర్లక్ష్యం" అని రాస్తే ముందు "కొంత" చేరేది, "కొంత నిర్లక్ష్యం" చూస్తుండగానే "కొంత సమన్వయలోపం"గా మారేది. కోపం గొంతు దాకా బాగానే వచ్చేది. కాగితం మీదికి దిగేసరికి చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడేది.

సంపాదకురాలు ఈసారి ఆమెను పిలిపించుకుంది. జిరాక్సు షాపు మీద రెండు గదులు, అదే పత్రిక ఆఫీసు. ఆవిడ వ్యాసాన్ని పైకి చదివి వినిపించింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

"కుర్చీలు తీసేసినవాడిని కుర్చీ వేసి కూర్చోబెట్టావు. నిలబడ్డవాళ్ల సంగతేంటి?"

ఆమె తల వంచుకుంది. "తప్పయిపోయిందండీ."

"అదిగో! అదే వద్దంటున్నా. ఇంకొక్కటి ఉంది. ఏ విషయమైనా సరే, నీ ఇష్టం. కానీ చదివినవాడికి ఒళ్లు మండాలి. చల్లబడకూడదు. సరేనా?"

ఆ వారమంతా ఇల్లు ఇల్లులా లేదు. పొద్దున ఆఫీసులో విచారించి రావడం, సాయంత్రం బల్ల ముందు కూర్చుని విచారించకుండా రాయడానికి పెనుగులాడటం. రాసినవి చింపడం, చింపినవి అక్క చీపురుతో ఊడ్వడం. అక్క దగ్గరికి గిరాకీలు వస్తే సగం వాక్యంలో లేవడం. "ఇంట్లో కూర్చుని రాసే పనేగా, కాస్త ఈ బొత్తాలు కుట్టిపెట్టు," అంటుంది అక్క. ఆమె కుట్టిపెడుతుంది. కుట్టిపెట్టి మళ్లీ కూర్చుంటే అప్పటిదాకా రాసినదంతా ఉప్పులేని కూరలా ఉంటుంది.

బావ ఒక ఉపాయం చెప్పాడు. "బండి నేర్చుకునేవాడికి ముందు ఖాళీ మైదానంలో నేర్పుతాం. నువ్వూ ఇంట్లో సాధన చెయ్యి. ముందు మీ అక్కని తిట్టు."

"ఛీ, ఊరుకో బావా."

"నిజంగానే. పొద్దున నీ కొత్త చున్నీ ఎవరో గిరాకీ ఇచ్చిన గుడ్డ అనుకుని కత్తిరించి లైనింగు వేసిందిగా? అను చూద్దాం."

అక్క మిషను ఆపి, కళ్లజోడు పైకెత్తి చూసింది. "అనవే. నేనేమీ అనుకోను."

ఆమె గొంతు సవరించుకుంది. "అక్కా, నువ్వు పనిలో ఉండి చూసుకోలేదని తెలుసు. రంగు కూడా ఒకలాగే ఉంది కాబట్టి..."

"బ్రేకు!" అని అరిచాడు బావ. "ఇంకా గేరే వెయ్యలేదు, బ్రేకు మీద కాలేశావు!"

అతను పడీ పడీ నవ్వాడు. అక్క నవ్వలేదు. చేతిలో బట్ట పక్కన పెట్టింది.

"దానికి కోపం రాక కాదండీ. వస్తుంది. కానీ ఎదుటివాళ్ల దగ్గర మంచిది అనిపించుకోవాలి దీనికి. లిఫ్టు వాడి దగ్గరా మంచిదే, లైబ్రరీ ఆయన దగ్గరా మంచిదే. ఆ పైనున్న ముసలాయన ఎలా పోతేనేం, తను మాత్రం మంచిది." మళ్లీ బట్ట చేతిలోకి తీసుకుంటూ, "నా దగ్గర కూడా అంతే," అంది.

ఆ మాట పుండు మీద కారంలా తగిలింది. అక్క అబద్ధమాడిందని అనుకోవడానికి ఆమె చాలా ప్రయత్నించింది. వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. ఎంత కడిగినా ఆ మాట పోలేదు. తను రోజూ పొద్దున చల్లార్చే జనం గుర్తొచ్చారు. పసిబిడ్డ గుడ్డలు చేత్తో ఉతుక్కుంటున్నానని రాసిన బాలింత. నాలుగుసార్లు రాసి, అయిదోసారి "మీ సానుభూతికి కృతజ్ఞతలు" అని రాసి ఊరుకున్న ఒక మేష్టారు. ఆయన రాయడం మానేసిన రోజు హెడ్డుగారు ఆమె భుజం తట్టి, "కేసు చల్లారింది, శభాష్," అన్నారు. ఆమె మురిసిపోయింది కూడా.

ఆదివారం పొద్దున్నే, అక్క లేవకముందే బల్ల దగ్గర కూర్చుంది. ఆ మూడు మెట్ల గురించి రాసింది. ఒప్పుకోవడం ఎలాగో, బాధపడటం ఎలాగో, సాగనంపడం ఎలాగో రాసింది. బాలింత గురించి, మేష్టారి గురించి రాసింది. మిషను బాగుచేసే మనుషుల్ని పెట్టుకోవడం కంటే విచారించే మనిషిని పెట్టుకోవడం కంపెనీకి సులువని రాసింది. ఆ మనిషి నేనే అని రాసింది. "అయితే" అనే మాట వచ్చినప్పుడల్లా కలం ఎత్తి, వేలు కొరుక్కుని, మళ్లీ ఆనించింది. చివర తన పేరు పెట్టింది.

అక్క నిలబడే చదివింది. "ఒళ్లు మండుతోంది," అంది. వెంటనే, "ఇది అచ్చయితే నీ ఉద్యోగం ఉంటుందా?" అంది.

"తెలీదు."

"తెలీకుండానే ఇస్తావా?"

"ఇస్తా," అంది ఆమె.

సంపాదకురాలు వ్యాసం చదువుతున్నంతసేపూ ఆమె కిందనుంచి వస్తున్న జిరాక్సు మిషను చప్పుడు వింటూ కూర్చుంది. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. ఇన్నాళ్లూ నేను అడిగింది ఇదే."

ఆమెకు ఊపిరి ఆడింది.

"నిజం చెప్తున్నా, ఈ ఏడాదిలో నేను చదివినవాటిలో ఇంత మంచిది లేదు. కానీ వేయలేను. మీ కంపెనీ ప్రకటన మా వెనక పేజీలో వస్తుంది, ప్రతివారం. అది పోతే ఈ రెండు గదులూ పోతాయి. నాకెంత బాధగా ఉందో చెప్పలేను. నువ్వు పడ్డ కష్టం నాకు తెలుసు. నీ స్థానంలో ఉంటే నేనూ ఇలాగే బాధపడేదాన్ని. ముందు ముందు నీకు తగిన అవకాశం తప్పకుండా..."

ఆమె తలెత్తింది. ఆ మాటల వరస ఆమెకు కొత్త కాదు. ఒప్పుకుంది. బాధపడింది. ఇక మిగిలింది ఒకటే. అది ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో మొదటిసారి ఇవతలి కుర్చీలో కూర్చుని చూసింది. ఎంత హాయిగా ఉందో! నిజంగానే కోపం చల్లారిపోతోంది. "పర్వాలేదండీ, మీ ఇబ్బంది అర్థమైంది" అన్న మాట నాలుక చివరికొచ్చి నిలబడింది.

"...ఈలోగా ఒక పనుంది," అంటోంది సంపాదకురాలు. "పాఠకుల ఉత్తరాలకు జవాబులు రాయాలి. తిడుతూ రాస్తారు. నీకంటే బాగా ఎవరు రాస్తారు చెప్పు? వారానికి నాలుగైదు. పేరుండదు, సంపాదకవర్గం అని ఉంటుంది."

"మరి వీధి గోడు?"

"అది ఇంకెవరికైనా ఇస్తానమ్మా."

"బాగుందన్నారు కదా?"

"బాగుంది. అందుకేగా నాకింత బాధ."

"బాధ సంగతి కాదండీ," అంది ఆమె. గొంతు చిన్నగానే ఉంది, కానీ ఆగలేదు. "శీర్షిక నాకు ఇస్తారా, ఇవ్వరా?"

ఆవిడ చూపు కిటికీ మీదికి మళ్లింది. "ఇవ్వను."

"అయితే ఉత్తరాల పని నాకొద్దు."

"ఎందుకొద్దు? రాయడం రాయడమే కదా. కారణం చెప్పు."

చెప్పడానికి ఆమె దగ్గర మర్యాదైన కారణం ఏదీ లేదు. వెతకనూ లేదు. బల్లమీది కాగితాలు తీసుకుని లేచింది.

దారంతా తనలో తనే గొణుక్కుంటూ, ఇల్లు దాటి రెండు సందులు ముందుకు వెళ్లి వెనక్కి వచ్చింది. శీర్షికా లేదు, పేరూ లేదు, రేపు పొద్దున్నే మళ్లీ మెట్ల కింద గది. గుమ్మంలోకి రాగానే జరిగింది చెప్పేసింది.

"ఉత్తరాల పనైనా ఒప్పుకోవాల్సిందే మొండిదానా," అంది అక్క. "ముందు లోపలికి అడుగు పెట్టనిస్తే, తర్వాత..."

"తర్వాత కూడా ఉత్తరాలే ఇస్తారక్కా. బాగా రాస్తానుగా."

అక్క పళ్లతో దారం తెంపింది.

"కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేదన్నమాట," అన్నాడు బావ. కానీ నవ్వలేదు.

"బావా, రైల్వేగేటు అవతల ఇంకో పత్రిక ఆఫీసుంది. వాళ్ల వెనక పేజీలో మా కంపెనీ ప్రకటన లేదు, చూశాను. బస్సు పోదు అటు. రేపు మధ్యాహ్నం నన్ను బండి మీద దింపు."

"రేపు నాకు కొత్త బ్యాచి ఉంది పిల్లీ."

"అయితే ఎల్లుండి."

"ఎల్లుండి లైసెన్సు పరీక్షలు. సాయంత్రం దాకా అక్కడే. నాకూ తీసుకెళ్లాలనే ఉంది, నిజంగా, కానీ పరిస్థితి..."

"నీ పరిస్థితి అడగలేదు బావా. నాకు రోజు కావాలి."

బావ భార్య వైపు చూశాడు, ఆదుకుంటుందేమోనని. అక్క తల వంచి మిషను చక్రం తిప్పుతోంది.

"శుక్రవారం," అన్నాడు చివరికి.

"ఎన్నింటికి?"